బంతి చప్పుడు రికార్డ్ చేసి అది ఎంత ఎగిరిందో లెక్క కట్టడం ఎట్టా

పైన్నించి వదిలిన బంతి నేలకి తగిలి ఎంత ఎత్తు లేచిందో చెప్పమంటే అందరూ గోడకి స్కేలు ఆనించి కళ్లార్పకుండా చూస్తారు. అది తేలే పని కాదు, బంతి పైన ఆగేది ఒక్క రెప్పపాటు, ఆ రెప్పపాటులో బంతిని చూడాలా స్కేలు మీద గీతని చూడాలా అర్థం కాదు, ఇద్దరు చూస్తే ఇద్దరూ రెండు నంబర్లు చెప్తారు. చెవితో చేస్తే ఈ తంటా ఉండదు. బంతి టక్... టక్.. టక్. టక్ అని పోతా ఉంటాది కదా, ఆ రెండు టక్కుల మధ్య గ్యాప్ ఎంతో తెలిస్తే చాలు, ఎంత ఎత్తు లేచింది, ఎంత స్పీడుతో నేలని వదిలింది, దెబ్బదెబ్బకి ఎంత ఎనర్జీ పోగొట్టుకుంది అన్నీ ఆ గ్యాప్ లోంచే బయటికొస్తాయి. దీనికి కావాల్సిందల్లా ఫోను, బంతి, గట్టి నేల, కాస్త ఓపిక. ఇంటర్ పిల్లలకి ప్రాజెక్టు కావాలన్నా, ఇంట్లో సరదాగా చెయ్యాలన్నా ఇంతకంటే చౌకైన ప్రయోగం నాకు తెలిసి లేదు.

ముందు ఫోన్ సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది పని చెడేది ఇక్కడే. ఫోన్లో వచ్చే రికార్డర్ యాప్ మనిషి గొంతు కోసం చేసింది, చాలావాటిల్లో చుట్టూ ఉన్న చప్పుడు తగ్గించే సెట్టింగ్ ఆన్ లో ఉంటాది, మనకి కావాల్సిన టక్కు దాని దృష్టిలో గొంతు కాదు కాబట్టి దాన్నే నొక్కేసే ప్రమాదం ఉండాది. సెట్టింగుల్లోకి పోయి నాయిస్ తగ్గించేది ఆఫ్ చెయ్యండి, ఫార్మాట్ అడిగితే వేవ్ (WAV) ఫైల్, అంటే చప్పుడుని కుదించకుండా దాచేది పెట్టండి, శాంప్లింగ్ రేటు 44,100 పెట్టండి. అంటే సెకనుకి 44,100 సార్లు చప్పుడుని కొలుస్తాదన్నమాట, ఒక్కో కొలతకి మధ్య 0.023 మిల్లీసెకను, స్టాప్ వాచ్ నొక్కే వేలికి ఇది కలలో కూడా సాధ్యం కాదు. రికార్డ్ చేసినాక ఫైల్ని కంప్యూటర్ కి వాట్సాప్ లో పంపేట్టయితే వాయిస్ మెసేజ్ లాగా పంపొద్దు, డాక్యుమెంట్ లాగా పంపండి, లేకపోతే దాన్ని కుదించి పారేస్తాది.

కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోండి, 1999లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలైంది, ఇప్పటికీ ఫ్రీగానే ఉండాది, పాత లాప్‌టాప్ లో కూడా నడుస్తాది. కంప్యూటర్ లేనోళ్లు ఫైఫాక్స్ అనే యాప్ పెట్టుకోండి, జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు చేసింది, అది కూడా ఫ్రీ, అందులో బంతి గెంతుల కోసమే ఒక ప్రయోగం రెడీగా ఉండాది, బంతి వదిలితే గ్యాపులు, ఎత్తులు అదే చూపిస్తాది. కానీ నా మాట వినండి, మొదటిసారి ఆడాసిటీలో చేత్తో చేసి తర్వాత యాప్ కి పొండి. యాప్ ఒక హద్దు పెట్టుకొని దానికంటే గట్టి చప్పుడు వస్తే దెబ్బ పడిందని లెక్కేసుకుంటాది, బయట ఎవుడో హారన్ కొట్టినా అదీ ఒక దెబ్బే దానికి, అలల బొమ్మ కళ్లతో చూసినోడికి ఆ తేడా వెంటనే పట్టుబడతాది, నంబర్లు మాత్రమే చూసినోడికి పట్టుబడదు.

రికార్డింగ్ కి టైము చూసుకోవాలి. నెల్లూరులో ఎండాకాలం ఫ్యాన్ ఆపి కూచోవడం అంటే నరకమే గానీ ఆ రెండు నిమిషాలు ఫ్యాను, కూలరు ఆపాల్సిందే, తలుపు కిటికీ వెయ్యాల్సిందే. పొద్దున్నే అయిదింటప్పుడు ట్రంకు రోడ్డు పక్క ఇళ్లల్లో కూడా బానే నిశ్శబ్దంగా ఉంటాది. రాత్రి పదకొండు దాటినాక చేస్తే ఇంకా మంచి రికార్డింగ్ వస్తాది, కాకపోతే పై అంతస్తులో ఉండేవాళ్లు గోలీతో చేస్తే కింద ఇంటి పిన్నమ్మ తెల్లారి "ఏంది అబ్బయ్యా, రాత్రంతా గోలీలాటా" అంటాది, ఆ జవాబు మీరు రెడీ చేసుకోండి.

ఫోన్ని నేల మీద నేరుగా పెట్టొద్దు. దెబ్బ అదురు రాయిలోంచి గాలికంటే చాలా తొందరగా వస్తాది, అదొకసారి గాలిలో చప్పుడు ఇంకోసారి చేరి, ఒక టక్కుకి రెండు మొదళ్లు కనిపించి ఏది మొదలో తెలీక తల గోక్కోవాలి. టవల్ నాలుగు మడతలు వేసి దాని మీద పెట్టండి, మైకు బంతి వైపు ఉండేలా, పడే చోటికి అర మీటరు దూరంలో. చప్పుడు ఫోన్ కి చేరడానికి మన ఎండల్లో అర మీటరుకి 1.4 మిల్లీసెకను పడతాది, భయపడబాకండి, ప్రతి దెబ్బకీ అంతే ఆలస్యం కాబట్టి గ్యాప్ తీసినప్పుడు అది కొట్టుకుపోతాది. బంతి గెంతుకుంటా ఫోన్ వైపుకో అవతలకో పోతేనే తేడా వస్తాది, 35 సెంటీమీటర్లు జరిగితే ఒక మిల్లీసెకను తప్పు.

ఇక బంతి వదలడం. విసరొద్దు, తొయ్యొద్దు, వదలాలి. బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టుకొని రెండు వేళ్లూ ఒక్కసారే తెరవాలి, ఒకటి ముందు తెరిస్తే బంతి తిరుగుతా పడతాది, తిరిగే బంతి నేలకి తగలగానే పక్కకి పోతాది, ఆ తిరుగుడులో కూడా కొంత ఎనర్జీ ఉండిపోతాది. ఎత్తు కొలిచేది బంతి అడుగు నించి నేలకి, మధ్యలోంచి కాదు. వదిలినాక ఊపిరి కూడా గట్టిగా తీయబాకండి, మైకు పక్కనే ఉండాది. బంతి పూర్తిగా ఆగినాకే స్టాప్ నొక్కండి. ఒకటే ఎత్తు నించి నాలుగైదు సార్లు ఒకే రికార్డింగ్ లో వదిలితే తర్వాత బాగా వచ్చింది ఏరుకోవచ్చు.

మొదటి బంతిగా టేబుల్ టెన్నిస్ బాల్ తీసుకోండి, టక్కు తేటగా వస్తాది, చాలా గెంతులు వస్తాయి. గోలీ, పాత బేరింగ్ లోంచి తీసిన ఇనప గుండు, పిల్లలు కొనుక్కునే రబ్బరు బాల్, గల్లీ క్రికెట్ ఆడే టెన్నిస్ బాల్ అన్నీ తర్వాత. కార్క్ బాల్ మాత్రం నిరాశపెడతాది, కుట్టు మీద పడితే ఒక రకం, పక్కన పడితే ఒక రకం.

ఫైల్ ఆడాసిటీలో తెరిస్తే చప్పుడు గీత లాగా కనిపిస్తాది, దాంట్లో టక్కులు ముళ్లు లాగా లేచి ఉంటాయి, మొదట దూరం దూరంగా, పోను పోను దగ్గర దగ్గరగా. ఇక్కడ ఒకటే రూల్, ముల్లు కొసని గుర్తు పెట్టుకోబాకండి, ముల్లు మొదలుని పట్టుకోండి. బాగా జూమ్ చేస్తే గీత చదునుగా వస్తా వస్తా ఒకచోట ఉలిక్కిపడినట్టు లేస్తాది, ఆ లేచిన చోటే దెబ్బ పడిన క్షణం. కొస ఎక్కడ వస్తాదనేది గది గోడల ప్రతిధ్వని బట్టి, నేల మోత బట్టి మారతా ఉంటాది, దాన్ని నమ్ముకుంటే గ్యాపులు అటూ ఇటూ ఊగుతాయి. మొదలు మీద కర్సర్ పెట్టి కంట్రోల్ బి కొడితే లేబుల్ పడతాది, దానికి 1, 2, 3 అని పేరు పెట్టుకుంటా పొండి. అన్నీ అయినాక లేబుల్స్ ని ఫైల్ మెనూలోంచి ఎక్స్‌పోర్ట్ చేస్తే టైములన్నీ టెక్స్ట్ ఫైల్ లాగా వస్తాయి, ఎక్సెల్ లో పడేస్తే సరి. చివర్లో గెంతులు ర్ర్ర్ అని కలిసిపోతాయి, వాటిని వదిలెయ్యండి, మొదటి ఏడెనిమిది చాలు.

ముల్లు ఎత్తు చూసి, అంటే చప్పుడు ఎంత గట్టిగా వచ్చిందో చూసి, బంతి అంత ఎగిరింది ఇంత ఎగిరింది అని లెక్కలు వెయ్యబాకండి. ఇది చాలామందికి వచ్చే ఆలోచనే, నిజమే గట్టిగా పడితే గట్టిగా మోగుతాది, కానీ ఫోన్ దానంతటదే వాల్యూమ్ పెంచుతా తగ్గిస్తా ఉంటాది, పైగా మొదటి దెబ్బ మరీ గట్టిదైతే ముల్లు కొసలు కత్తిరించినట్టు చదునుగా అయిపోతాయి. గట్టిదనం అబద్ధం చెప్తాది, గ్యాప్ చెప్పదు. కొస చదునైనా పర్లేదు మనకి, మొదలు బాగుంటే చాలు.

ఇప్పుడు లెక్క. బంతి నేలని వదిలి పైకి పోయి మళ్లీ నేలకి వచ్చేదాకా ఒక గ్యాప్, అందులో సగం ఎక్కడానికి సగం దిగడానికి. సగం టైములో ఎంత దూరం పడతాదో అదే ఎత్తు. ఇదంతా కుదిస్తే వచ్చేది ఏందంటే, గ్యాప్ ని సెకన్లలో తీసుకొని దాన్ని దాంతోనే గుణించి, మళ్లీ 122 తో గుణిస్తే సెంటీమీటర్లలో ఎత్తు. ఆ 122 ఎక్కడిదంటే భూమి లాగే వేగం, అంటే పుస్తకంలో గురుత్వ త్వరణం (g) అనేది, 9.78 ని 8 తో భాగిస్తే 1.22 మీటర్లు, అంతే. నేలని వదిలిన స్పీడు కావాలంటే గ్యాప్ ని 4.89 తో గుణించండి, సెకనుకి ఎన్ని మీటర్లో వస్తాది.

అర్థం కావడానికి నంబర్లతో చూద్దాం. అర మీటరు ఎత్తు నించి వదిలాం అనుకోండి, లేబుల్స్ 1.000, 1.563, 2.058, 2.494, 2.878 సెకన్ల దగ్గర పడ్డాయి అనుకోండి. గ్యాపులు 0.563, 0.495, 0.436, 0.384. ఎత్తులు వరసగా సుమారు 39, 30, 23, 18 సెంటీమీటర్లు. ఇప్పుడు ఒక్కో గ్యాప్ ని దాని ముందు గ్యాప్ తో భాగించండి, మూడు సార్లూ 0.88 దగ్గరే వస్తాది. ఈ 0.88 నే పుస్తకంలో కోఎఫిషియంట్ ఆఫ్ రెస్టిట్యూషన్ అంటారు, మనం రేషియో అనుకుందాం. స్పీడులో 88 శాతం మిగిలింది అని దాని అర్థం, ఎనర్జీలో కాదు. ఎనర్జీ కావాలంటే 0.88 ని 0.88 తో గుణించాలి, 0.77 వస్తాది, అంటే ఒక్కో దెబ్బకి దగ్గర దగ్గర నాలుగో వంతు ఎనర్జీ చప్పుడుగా, వేడిగా, అదురుగా పోతా ఉండాది. ఈ రెండిటినీ కలిపేసి రిపోర్టుల్లో రాసే పిల్లలు చాలామంది ఉంటారు, వైవాలో పట్టుకునేది కూడా ఇక్కడే.

ఈ రేషియో పద్ధతిలో గొప్ప సంగతి ఏందంటే మొదట ఎంత ఎత్తు నించి వదిలారో తెలియక్కర్లేదు, భూమి లాగే వేగం కూడా అక్కర్లేదు, రెండు గ్యాపులు ఉంటే చాలు. న్యూటన్ 1687లో అచ్చేసిన ప్రిన్సిపియాలో ఇదే రేషియో కోసం బంతుల్ని దారాలకి వేలాడదీసి ఒకదాన్ని ఒకటి గుద్దించి ఎంత వెనక్కి పోతాయో కొలిచాడు, గట్టిగా చుట్టిన ఉన్ని ఉండలకి 9 లో 5 వంతులు, గాజు బంతులకి 16 లో 15 వంతులు వచ్చిందని రాశాడు. అంటే 0.56, 0.94. ఆయన దగ్గర మైకు లేదు పాపం, లోలకం ఎంత దూరం ఊగిందో చూసి తేల్చాడు.

మీ రేషియో అన్ని గెంతులకీ ఒకటే రాకపోతే కంగారు పడబాకండి, కొంచెం మారడం మామూలే. టేబుల్ టెన్నిస్ బాల్ బరువు 2.7 గ్రాములే, 40 మిల్లీమీటర్ల బంతికి అంత తక్కువ బరువు కాబట్టి గాలి కూడా దాన్ని ఆపుతాది, ఎత్తు నించి వదిలినప్పుడు మొదటి గెంతులకి ఆ నష్టం ఎక్కువ. ఇంకోటి, మామూలుగా దెబ్బ ఎంత గట్టిగా పడితే రేషియో అంత తగ్గుతాది, అందుకే పోను పోను రేషియో కాస్త పెరగతా పోవడం కనిపిస్తాది. కానీ ఒక గెంతుకి పెరిగి ఇంకోదానికి తగ్గి మళ్లీ పెరిగి ఊగుతా ఉంటే మాత్రం లేబుల్ పెట్టడంలో తేడా ఉండాది, లేదా నేల ఎగుడుదిగుడు, లేదా బంతి గుండ్రంగా లేదు. గుండ్రంగా లేనిది ఎట్టుంటాదో చూడాలంటే ఒక నిమ్మకాయ వదలండి, పొదలకూరు పక్క వాళ్ల ఇళ్లల్లో దానికి కరువు లేదు కదా, రెండో మూడో టక్కులు వస్తాయి, గ్యాపులకి ఒక పద్ధతీ పాడూ ఉండదు, ఎందుకంటే కాయ దొర్లుడులోకి కొంత ఎనర్జీ పోయి మళ్లీ తర్వాత దెబ్బకి ఎగురుడులోకి వచ్చేస్తాది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని నేలలు పోల్చడం, మన పక్క రాళ్లకి కొదవ లేదు కాబట్టి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ముక్క ఏ పాలిషింగ్ యూనిట్ దగ్గరైనా వేస్టులో పడి ఉంటాది, మార్కాపురం పలక దొరుకుతాది, వరండాలో కడప బండ ఉంటాది, లోపల టైల్స్ ఉంటాయి. గోలీ ఒకటే పెట్టుకొని, ఎత్తు ఒకటే పెట్టుకొని నేల మాత్రం మార్చండి. ఎత్తు 20 సెంటీమీటర్లు దాటొద్దు, గోలీ పెచ్చు లేచి కంట్లో పడితే ప్రయోగం గియోగం ఏమీ ఉండదు, పలక మీద ఇనప గుండు అసలు వెయ్యబాకండి, పగులుతాది. టేబుల్ టెన్నిస్ బాల్ తో ఈ పోలిక చేస్తే తేడా పెద్దగా రాదు, అది తేలిక కాబట్టి నేలని కదిలించలేదు, గోలీ కదిలిస్తాది.

చూడాల్సింది రాయి రకం ఒక్కటే కాదు, రాయి కింద ఏముంది అనేది. అదే గ్రానైట్ ముక్కని సిమెంటు నేల మీద గట్టిగా కూచోబెట్టి ఒకసారి, ఇసక మీద వదులుగా పెట్టి ఒకసారి చెయ్యండి, రెండోసారి గ్యాపులు చిన్నవైపోతాయి, ఎందుకంటే రాయి తనూ కొంచెం కదిలి ఎనర్జీ మింగేస్తాది. టైల్స్ మేస్త్రీలు పని అయినాక కట్టె తోనో నాణెం తోనో కొట్టుకుంటా పోయి "ఇక్కడ డొల్లగా ఉండాది అన్నా, మాలు సరిగ్గా పడలేదు" అంటారే, కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టే అది, వాళ్ల చెవి మోత మారడం పట్టుకుంటాది. మనం గోలీ వదిలి అదే టైలు మధ్యలో ఒకసారి, డొల్ల ఉందనుకున్న మూల ఒకసారి రేషియో తీస్తే ఆ తేడా నంబర్లోకి వస్తాది. ఒకే గది టైల్స్ అన్నిటి మీదా చేసి నంబర్లు గళ్ల కాయితం మీద రాస్తే నేల మ్యాపు తయారు, పిల్లలకి మంచి ప్రాజెక్టు, మేస్త్రీకి మాత్రం చూపించబాకండి.

బంతి మంచిదా కాదా కూడా ఇట్టా తేల్చొచ్చు. టెన్నిస్ బాల్ రూలు ప్రకారం 254 సెంటీమీటర్ల నించి గట్టి చదును నేల మీద వదిలితే 135 నించి 147 సెంటీమీటర్లు లేవాలి, అంటే మొదటి రెండు టక్కుల మధ్య గ్యాప్ 1.05 నించి 1.10 సెకను. మన ఇళ్లల్లో శ్లాబు పది అడుగులు ఉంటాది కాబట్టి కుర్చీ ఎక్కి గదిలోనే చెయ్యొచ్చు. టేబుల్ టెన్నిస్ బాల్ కి ఉక్కు దిమ్మె మీద 30.5 సెంటీమీటర్ల నించి 24 నించి 26 అని రూలు, గ్యాప్ లో చెప్పాలంటే 443 నించి 461 మిల్లీసెకన్లు, దాన్ని స్కేలుతో కళ్లతో చూడమంటే చచ్చినా చూడలేం. వాడి వాడి వెంట్రుకలు ఊడిపోయిన గల్లీ బాల్ ని కొత్తదాని పక్కన పెట్టి చూడండి, బౌలర్ ఎందుకు గొడవ చేస్తాడో తెలుస్తాది.

వేడి సంగతి మర్చిపోబాకండి. రబ్బరు బాల్ ని రాత్రంతా ఫ్రీజర్ లో పెట్టి పొద్దున తీసి వెంటనే వదలండి, తర్వాత ఎండలో మిద్దె మీద కాసేపు పెట్టి వదలండి, రేషియోలో తేడా వినపడతాది కూడా, కొలవక్కర్లేకుండానే. చల్లబడిన రబ్బరు వంగడానికి మొరాయించి తిన్న ఎనర్జీ తిరిగివ్వదు. అందుకని రోహిణీ కార్తెలో మధ్యాన్నం చేసిన కొలతనీ డిసెంబరు తెల్లారి చేసిన కొలతనీ ఒకే టేబుల్లో కలిపేసి పోల్చబాకండి, పక్కన గది వేడి రాసుకోండి.

భూమి లాగే వేగం కూడా ఇందులోంచే తీయొచ్చు, కానీ దీనికి మొదటి ఎత్తు కచ్చితంగా కావాలి. రేషియోని రేషియోతో గుణించి, దాన్ని వదిలిన ఎత్తుతో గుణించి, 8 తో గుణించి, మొదటి గ్యాప్ ని దాంతోనే గుణిస్తే వచ్చిన దాంతో భాగించండి. పైన నంబర్లు వేస్తే 9.77 వస్తాది. పుస్తకంలో 9.81 అని ఉందే అని దిద్దబాకండి, 9.81 అనేది భూమధ్యరేఖకి ధ్రువానికి మధ్యలో, 45 డిగ్రీల అక్షాంశం పక్కన సరిపోయే విలువ, మన నెల్లూరు 14.4 డిగ్రీల్లో ఉండాది, ఇక్కడ 9.78 ఏ. అయితే ఆ తేడా 0.3 శాతం, గ్యాప్ లో ఒక మిల్లీసెకను తప్పు పోతేనే జవాబులో 0.36 శాతం తేడా వస్తాది, కాబట్టి టేబుల్ టెన్నిస్ బాల్ తో 9.78 పట్టుకున్నా అని గొప్పలు చెప్పుకోవద్దు, గాలి ఒక్కటే అంతకంటే ఎక్కువ చెడగొడతాది. ఇనప గుండు, మందమైన గ్రానైట్ దిమ్మె, బాగా జూమ్ చేసి పెట్టిన లేబుల్స్, ఇవన్నీ కుదిరితే దగ్గరికి పోవచ్చు.

కంప్యూటర్ లేదు, యాప్ లేదు, ఉత్త స్టాప్ వాచ్ ఉంది అన్నా ఒక దారి ఉండాది. బంతి వదిలినప్పటి నించి చప్పుడు పూర్తిగా ఆగేదాకా మొత్తం టైము కొలవండి. అర మీటరు నించి మొదటి దెబ్బకి 0.32 సెకను పడతాది. మొత్తం టైములోంచి అది తీసేసి, మొత్తం టైముకి అది కలిపిన దాంతో భాగిస్తే రేషియో. మొత్తం 5.01 సెకన్లు వస్తే 4.69 ని 5.33 తో భాగించాలి, 0.88 వచ్చేసింది చూడండి. లెక్క ప్రకారం గెంతులు లెక్కలేనన్ని, అయినా అన్నీ కలిపి అయిదు సెకన్లలో అయిపోతాయి, ఇది వినగానే నమ్మబుద్ధి కాదు గానీ ఒక్కో గ్యాప్ ముందుదానికంటే అదే వంతున తగ్గుతా పోతే మొత్తం ఒక హద్దు దాటదు.

ఇదంతా అయినాక వంటింట్లోకి పోయి స్టీలు కంచమో డబ్బా మూతో నేల మీద పడేసి రికార్డ్ చెయ్యండి, అది గిరగిరా ఊగుతా గరగరమని చప్పుడు పెంచుకుంటా పోయి ఠక్కున ఆగిపోతాది. దాంట్లో కూడా గ్యాపులు తగ్గుతా పోతాయి, కానీ బంతి లాగా ఒకే రేషియోలో కాదు. ఆ చివరి క్షణాల్లో దాన్ని ఆపేది కింద ఇరుక్కున్న గాలి అని కీత్ మోఫట్ అనే లెక్కల శాస్త్రవేత్త 2000లో నేచర్ పత్రికలో రాస్తే, కాదు నేలతో రాపిడే అని వేరేవాళ్లు వాదించారు, మీ రికార్డింగ్ తో అది తేలదు గానీ గ్యాపులు ఎట్టా తగ్గుతున్నాయో గ్రాఫు గీస్తే బంతి గీతకీ మూత గీతకీ తేడా బాగా కనిపిస్తాది. ఎత్తు కోసం గ్యాప్ ని దాంతోనే గుణించి 122 తో గుణించే లెక్క మాత్రం దీనికి వెయ్యబాకండి, అది నేలని పూర్తిగా వదిలి గాల్లోకి లేచే వాటికే, మూత ఎప్పుడూ ఏదో ఒక అంచు మీద నేలని అంటుకునే ఉంటాది.